పట్టణమున మన ఉమ్మడి గృహము

(ముత్తుకూరున జరిగిన వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



పట్టణములందు కాపురముండు మనవారి గృహసమస్యను గూర్చి ప్రసంగింపుడని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. మన సంఘనిధిని కల్యాణమండపమునకు వెచ్చింపవలెనా, నెల్లూరున నివాసగృహమునకు వెచ్చింపవలెనా యను చర్చ యీ సభయందే తేలవలసియున్నది. నేను రెండవ పక్షమువాడను. కారణములను మనవి చేసికొనెదను.

మన తీరము మారినది. 1991లో ఈ ముత్తుకూరున మత్స్యశాస్త్ర కళాశాల వెలసెను. 2008లో కృష్ణపట్నపు రేవు తెరువబడెను. తరువాత నేలటూరున 800 మెగావాట్ల యంత్రములతో విద్యుత్కేంద్రము నిలిచెను. వలపట్టిన చేతులకు పుట్టిన బిడ్డలు నేడు చదువులకును కొలువులకును నెల్లూరు, చెన్నపట్టణము చేరుచున్నారు. అచ్చట వారికి లభించునది రెండు గదుల అద్దెయిల్లు. అదియును సులభముగా లభింపదు. కులమడిగి తలుపు మూయువారు కలరు. చేపలు వండుదురని యిల్లు లేదనువారు కలరు. తల్లిదండ్రులను తెచ్చి యుంచుకొనుటకు చోటుండదు. వారిని పల్లెలో విడిచినచో తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిమారును కంటికి నిద్రయుండదు.

ఇట్టి యక్కర పూర్వులకును తెలియనిది కాదు. 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారు హైదరాబాదున రెడ్డి వసతిగృహమును నెలకొల్పిరి. పల్లెబిడ్డలకు పట్టణమున నీడ దొరకినచో ఒక సంఘమెంత యెదుగునో దానివలన తెలిసినది. ఐనను వసతిగృహము విద్యార్థికే చాలును, సంసారికి చాలదు.

సంసారులకు తగిన దృష్టాంతము షోలాపురమున నున్నది. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు పెక్కు అచ్చట మగ్గములనే నమ్ముకొని స్థిరపడినవి. స్త్రీలు బీడీలు చుట్టి సంసారములను నిలిపిరి. అట్టి శ్రామికస్త్రీలు ఆడం నర్సయ్యగారి నాయకత్వమున గోదూతాయి పరులేకర్ పేర సహకారసంఘముగా నేర్పడిరి. తమ కూలిలో మిగిల్చిన సొమ్మునకు ప్రభుత్వసాహాయ్యమును చేర్చి 10,000 ఇండ్లు కట్టించుకొనిరి. అవి 2006లో వారి వశమయ్యెను. పిమ్మట అదే మార్గమున రేనగరమున 15,000 ఇండ్లు 2024 జనవరిలో శ్రామికులకు అందెను. ఇందు గమనింపవలసినదొకటి గలదు. వారిని కలిపినది కులము కాదు, కష్టము. ఈ మాటను మరల ప్రస్తావించెదను.

ఇక కట్టడపు తీరు. మన రాష్ట్రమున టిడ్కో వారు పట్టణపేదలకు 300, 365, 430 చదరపుటడుగుల ఇండ్లను అంతస్తులుగా నిర్మించిరి. అందు గోడలును కప్పును కాంక్రీటుతో పోతపోయుదురు. పని వేగముగా సాగును, కట్టడము దృఢము. కాని గోడయే బరువు మోయుచున్నందున దానిని తొలగింప వీలులేదు. సంసారమో, ఒక్క తీరున నుండదు. నేడిద్దరు, పదేండ్లకైదుగురు, ముప్పదియేండ్లకు మరల ఇద్దరు. ఇల్లు మాత్రము మారక నిలిచినచో మనిషియే యిల్లు మారవలసివచ్చును.

దీనికి ఉపాయమును డచ్చి శిల్పి హాబ్రాకెన్ 1961లోనే చెప్పెను: బరువు మోయు కట్టడము సమష్టిది, లోపలి యమరిక కాపురమున్నవానిది. మనకిది క్రొత్త మాట కాదు. మన వేటలో పడవకొక పాలు, వలకొక పాలు, మనిషికొక పాలు ఉండుటలేదా? అట్లే స్తంభములు, దూలములు, కప్పు, మెట్లు, నీటిగొట్టములు సంఘమువి. నడిమి గోడలు తేలికవి. కుటుంబము పెరిగినచో జరుపుకొనవచ్చును. ఇండోరు నగరమున దోషీగారు 1980వ దశకమున అరణ్య యను పేటను రూపించినపుడు, పేదవానికి పునాదిని, నీటివసతిని, మరుగుదొడ్డిని ముందిచ్చి, తక్కిన యింటిని వాని శక్తికొలది పెంచుకొననిచ్చిరి. స్విట్జర్లాండున జ్యూరిక్ నగరమందలి కాల్క్‌బ్రైటె సహకారగృహములో, 2014నుండి, కొన్ని గదులను ఎవరికిని శాశ్వతముగా నీయక, అక్కర వచ్చిన సభ్యునికి కొంతకాలము అద్దెకిచ్చుచున్నారు.

మనమును అంతస్తునకు రెండు గదులట్లు విడిచియుంచవలయును. పురిటికి వచ్చిన కూతురు, వైద్యమునకు వచ్చిన తండ్రి, తుపానునాడు తీరము విడిచి వచ్చిన పెద్దలు అందుందురు.

ప్రకృతికి తగినట్లు కట్టుటయు ముఖ్యము. మనకు పెద్దవానలు అక్టోబరునుండి డిసెంబరు వరకు. ఆ నీటిని తొట్టిలో పట్టవలయును. 2021 నవంబరున పెన్న వరద నెల్లూరు లోతట్టు పేటలను ముంచెను. కావున అరుగుమట్టము ఆ వరదజాడకు మీద నుండవలయును. విద్యుత్కేంద్రపు బూడిదతో చేసిన యిటుకలను వాడినచో పొలపు మట్టి మిగులును. వేసవి పడమటియెండకు అడ్డముగా వసారా వలయును. వలలకును, మంచుపెట్టెలకును క్రిందొక కొట్టు, ఎండుచేపలకు మిద్దెపై గాలివాటున నొక మూల ఉండవలయును. మన వృత్తిని దాచుకొనవలసిన యిల్లు మన యిల్లు కాదు.

కల్యాణమండపమువలన ఆదాయము వచ్చునని కొందరందురు. నిజమే. కాని ముహూర్తములు లేని మూఢమునను ఆషాఢమునను దానికి తాళము పడును. అద్దెయింటివాడు మాత్రము ఆషాఢమునకును అద్దె కట్టవలయును గదా! క్రింది అంతస్తును స్తంభములతో విశాలముగా విడిచినచో పెండ్లికి పందిరి, సాయంకాలము బిడ్డలకు చదువుసావడి యగును. ఒక్క కట్టడమున రెండు పక్షముల కోరికయు తీరును.

పరిపాలన విషయమున రెండు మాటలు కటువుగా తోచినను చెప్పక తప్పదు. పల్లెలో పెద్దకాపుల మాటయు దురాయి కట్టుబాటును మనలను నడిపినవి. ఈ యింటికది చాలదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టముక్రింద సంఘమును నమోదు చేయించి, నిబంధనలు వ్రాసి, లెక్కలను గోడపై నంటింపవలయును. సభ్యత్వము భార్యాభర్తలిద్దరి పేర నుండవలయును. కార్యవర్గమున సగము స్త్రీలుండవలయును. వేట వచ్చిననాడును రానినాడును ఇల్లు గడుపుచున్నది వారే. రెండవది: నాలుగిండ్లలో నొకటి ఇతర కులముల శ్రామికులకు తెరచియుంచుదము. మనకు తలుపు మూసినవారిని నిందించి, మన తలుపును మనమే మూసికొనుట న్యాయము కాదు.

ఇంతయు ఒక్కయేట కానక్కరలేదు. పల్లెకొకరు చొప్పున నెల్లూరున నున్న మన కుటుంబముల జాబితా వ్రాయుడు. నాలుగు అంతస్తుల బరువునకు పునాది వేసి, తొలుత రెండే కట్టుదము. తక్కినవి చేరిన అద్దెలతోను, చందాలతోను లేచును. మరమ్మతులకు ప్రతినెలయు కొంత సొమ్ము వేరుగా దాచని యిల్లు ఉప్పుగాలికి నిలువదు; ఇనుపకడ్డీని తుప్పు తినునపుడు శబ్దము రాదు.

మహాజనులారా! అలివివలను ఒక్కడు లాగలేడు. ఒడ్డున నిలిచి రెండు కొనలను అందరును పట్టిననే వల దరిచేరును. గృహనిర్మాణ తీర్మానమును అంగీకరింపుడని ప్రార్థించుచు, గంగమ్మతల్లి మన బిడ్డలను కడలిపైనను పట్టణమునను కాపాడుగాక యని కోరుచు విరమించుచున్నాను.