తాత మాటకు కాగితం తోడు



సెలవులకు ఇంటికెళ్లొచ్చిన మా హాస్టల్ ఇంటర్ పిల్ల ఒకరోజు నన్నడిగింది. "మేడమ్, మా తాత పొలం 1952లో గిరిజనేతరుల చేతికి పోయిందట. వన్ ఆఫ్ సెవెంటీ వచ్చింది 1970లో కదా, అంతకుముందు పోయిన భూమికి చట్టమే లేదంటున్నారు. నిజమేనా?"

నాకూ వెంటనే జవాబు తెలియలేదు. ఆదివారం ఇద్దరం గ్రంథాలయానికి వెళ్లి చట్టాల పుస్తకం తీశాం. 1970 నాటిది 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌కు సవరణ. ఆ 1959 దాని వెనక 1917 నాటి ఏజెన్సీ చట్టం ఉంది. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీల్లో కొండజాతివారు తమ భూమిని ఇతరులకు ఇవ్వాలంటే అధికారి రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి, లేకపోతే అది చెల్లదని అందులో రాసుంది. అంటే 1952లోనూ చట్టం ఉంది!

అంతమాత్రాన పొలం తిరిగొచ్చినట్టు కాదు. కానీ అడగాల్సిన ప్రశ్న దొరికింది: ఆనాడు అనుమతి తీసుకున్నారా? తీసుకుంటే ఆ కాగితం ఏది?

అందుకే చెబుతున్నాను. ఎవరో చెప్పిన సారాంశం దగ్గర ఆగకండి, అసలు పాఠం చదవండి. ఒక చట్టం దాని ముందు చట్టాన్ని చూపిస్తుంది, వెనక్కి వెళ్లండి. నంబరు, సంవత్సరం, సెక్షన్, పేజీ రాసుకోండి.

తీర్పులూ చదవండి. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 1997లో వచ్చిన సమత తీర్పు చూడండి. ఆ రెగ్యులేషన్‌లోని 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని తేల్చింది. ఒక్క మాటకు అంత బలం!

పాత గెజిటీర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. 1907 నాటి విశాఖపట్నం గెజిటీర్ రాసింది ఫ్రాన్సిస్ అనే తెల్లదొర, పాలకుల కోసం. మనవాళ్ల తిరుగుబాటు అందులో 'పితూరీ'. తేదీలు, ఊళ్ల పేర్లు తీసుకోండి, సరిచూసుకోండి. ఆయన అభిప్రాయాన్ని మన చరిత్రగా రాయకండి. పక్కనే మీ ఊరి పెద్దల మాట కూడా రాయండి, ఎవరు, ఎప్పుడు చెప్పారో సహా.

ఆ పిల్ల 1917 చట్టంలోని ఆ సెక్షన్ నోట్‌బుక్‌లో రాసుకుని, ఊరెళ్లి తాతకు చదివి వినిపించింది. "ఈ మాట అప్పుడు మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారట ఆయన.

ఇప్పుడు మీకు చదువొచ్చు. మీ ఇంట్లో వాళ్లకు మీరు చెప్పండి.