మతస్వేచ్ఛ పేరిట మూసే తలుపు

(చర్చాగోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈనాడు మనం మాట్లాడుకోబోయేది ఎక్కడో అమెరికాలో జరిగిన సంగతి. ఇండియానా రాష్ట్రంలో 2015లో వచ్చిన ఒక చట్టం గురించి, దానిపై చెలరేగిన ప్రజాగ్రహం గురించి. ఆ చట్టం పేరు మతస్వేచ్ఛా పునరుద్ధరణ చట్టం. మతస్వేచ్ఛ మనం రోజూ కోరుకునే మాట. అదే పేరుతో వచ్చిన చట్టాన్ని వేలాది ప్రజలు వీధుల్లోకి వచ్చి ఎందుకు వ్యతిరేకించారు? స్వలింగ సంపర్కులకు సంబంధించిన ఆ తగవులో మనకేమి పని? ఈ రెండు ప్రశ్నలూ మన యువకులు అడుగుతున్నవే. వాటిని దాటవేయడం సబబు కాదని భావించి ఈ అంశాన్ని ఎంచుకున్నాం.

ముందుగా ఈ చట్టం పుట్టుక చూద్దాం. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒక మాదకద్రవ్య చికిత్సా సంస్థలో పనిచేసే ఇద్దరు సలహాదారులు ఆదివాసీ చర్చికి చెందినవారు. తమ ఆరాధనలో భాగంగా పెయోటీ అనే ముళ్ళజెముడు జాతి మొక్కను సేవించినందుకు వారి ఉద్యోగాలు పోయాయి. నిరుద్యోగ భృతి కూడా నిరాకరించారు. 1990లో అమెరికా సుప్రీంకోర్టు వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అందరికీ వర్తించే సాధారణ చట్టం ఒకరి ఆరాధనకు అడ్డువస్తే, ఆ కారణంగా మినహాయింపు అడిగే హక్కు రాజ్యాంగం ఇవ్వదని ఆ తీర్పు సారాంశం. చిన్న మతాలవారందరూ ఉలిక్కిపడ్డారు. చట్టాలు చేసేది అధిక సంఖ్యాకులు. వారి ఆరాధనకు అడ్డువచ్చే చట్టం సాధారణంగా పుట్టనే పుట్టదు. దెబ్బ తగిలేది ఎప్పుడూ తక్కువ మంది ఉన్నవారికే.

అందుకే 1993లో అన్ని మతాలవారూ, పౌరహక్కుల సంఘాలవారూ కలిసి కేంద్ర స్థాయిలో ఒక చట్టం తెప్పించుకున్నారు. సెనేట్‌లో 97 మంది అనుకూలంగా, ముగ్గురు మాత్రమే వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రభుత్వం ఒక వ్యక్తి మతాచరణపై గణనీయమైన భారం మోపాలంటే అత్యవసరమైన ప్రజాప్రయోజనం చూపించాలి. అది సాధించడానికి అంతకంటే తక్కువ ఇబ్బంది కలిగించే మార్గం లేదని కూడా నిరూపించాలి. ఇది మంచి చట్టం. ప్రభుత్వ బలం ముందు నిలబడిన ఒంటరి భక్తునికి రక్షణగా వచ్చిన చట్టం.

దీని వల్లా, దీని తోబుట్టువు వంటి మరో చట్టం వల్లా మేలు పొందినవారిలో ముస్లింలూ ఉన్నారు. ఆర్కాన్సా జైలులో ఒక ముస్లిం ఖైదీ అర అంగుళం గడ్డం పెంచుకోవడానికి అనుమతి కోరితే అధికారులు కాదన్నారు. 2015 జనవరిలో సుప్రీంకోర్టులోని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అతని పక్షాన తీర్పు ఇచ్చారు. తమ సొంత సమాజంపై గూఢచారులుగా ఉండడానికి ఒప్పుకోనందుకు తమను విమానయాన నిషేధ జాబితాలో చేర్చారని ఆరోపించిన ముస్లిం యువకులు, ఆ అధికారుల నుంచి నష్టపరిహారం కోరవచ్చునని 2020లో అదే కోర్టు చెప్పింది. దానికి ఆధారం ఈ 1993 చట్టమే. కనుక ఈ చట్టాల మూలభావాన్ని మనం తృణీకరించలేము.

మరి ఇండియానాలో ఏమి మారింది? 1993 చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు వర్తించదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటినుంచి ఒక్కొక్క రాష్ట్రం తన చట్టాన్ని తాను చేసుకుంటూ వచ్చింది. ఇండియానా వంతు వచ్చేసరికి కాలం మారిపోయింది. 2014 అక్టోబరులో కోర్టు తీర్పుల ఫలితంగా ఆ రాష్ట్రంలో స్వలింగ వివాహాలకు చట్టబద్ధత వచ్చింది. అది నచ్చని వర్గాలు మతస్వేచ్ఛా చట్టాన్ని ముందుకు తెచ్చాయి. 2015 మార్చి 26న గవర్నర్ మైక్ పెన్స్ ఆంతరంగిక కార్యక్రమంలో దానిపై సంతకం చేశారు. స్వలింగ వివాహాలకు వ్యతిరేకంగా పనిచేసినవారు ఆ ఫోటోలో ఆయన వెనుక నిలబడి ఉన్నారు.

చట్టంలో రెండు కొత్త సంగతులు ఉన్నాయి. మొదటిది, లాభం కోసం నడిచే వ్యాపార సంస్థ కూడా మతాచరణ హక్కు గల వ్యక్తిగానే లెక్కకు వస్తుంది. రెండవది, ప్రభుత్వం కక్షిదారు కాని వ్యాజ్యాలలో, అంటే ఒక పౌరునికీ మరొక పౌరునికీ మధ్య నడిచే దావాలో కూడా ఈ చట్టాన్ని అడ్డు పెట్టుకోవచ్చు. భక్తుడు ప్రభుత్వం ఎదుట నిలబడి వాడుకోవలసిన రక్షణ, దుకాణదారు కొనుగోలుదారుని ఎదుట వాడుకునే హక్కుగా మారింది. స్వలింగ సంపర్కుల పట్ల వివక్షను నిషేధించే రాష్ట్ర చట్టం ఇండియానాలో లేదు. ఇండియానాపోలిస్ వంటి కొన్ని నగరాల్లో మాత్రం స్థానిక నిబంధనలు ఉన్నాయి. ఆ కొద్దిపాటి రక్షణకు కూడా గండి పడుతుందని ప్రజలు భయపడ్డారు.

తర్వాతి వారం రోజుల్లో జరిగినది మనం శ్రద్ధగా గమనించాలి. ఇండియానాపోలిస్‌లో వేలమంది ప్రదర్శన చేశారు. సేల్స్‌ఫోర్స్ సంస్థ ఆ రాష్ట్రంలో తన కార్యక్రమాలు రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది. యాంజీస్ లిస్ట్ అనే స్థానిక సంస్థ తన కార్యాలయ విస్తరణ ఆపివేసింది. కనెక్టికట్ గవర్నర్ తమ ప్రభుత్వ ఖర్చుతో ఎవరూ ఇండియానాకు వెళ్ళరాదని ఆదేశించారు. విశ్వవిద్యాలయాల క్రీడాసంఘం ప్రధాన కార్యాలయం ఆ నగరంలోనే ఉంది. దాని బాస్కెట్‌బాల్ తుది పోటీలు ఏప్రిల్ మొదటి వారంలో అక్కడే జరగాలి. ఆ సంఘమూ ఆందోళన వ్యక్తం చేసింది. గవర్నర్ సొంత పార్టీకి చెందిన నగర మేయరే చట్టాన్ని వ్యతిరేకించారు. ఆ నగరంలోని ప్రధాన దినపత్రిక మొదటి పుట మొత్తాన్నీ కేటాయించి, దీన్ని వెంటనే సరిదిద్దమని పాలకులను కోరింది. అక్కడే కేంద్ర కార్యాలయం ఉన్న డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ చర్చి, తమ మహాసభను వేరే చోటికి తరలిస్తామని హెచ్చరించింది. మతవిశ్వాసులందరూ ఒక వైపు, మతం లేనివారు మరో వైపు నిలబడ్డారనుకుంటే పొరపాటు.

ఏప్రిల్ 2న సవరణ వచ్చింది. మతస్వేచ్ఛ పేరు చెప్పి ఎవరికీ సరుకులు, సేవలు, ఉద్యోగం, నివాసం నిరాకరించడానికి ఈ చట్టం అధికారం ఇవ్వదని అందులో రాశారు. ఏయే కారణాలతో నిరాకరించరాదో వరుసగా చెప్పారు. జాతి, వర్ణం, వయసు, వైకల్యం, స్త్రీ పురుష భేదం, లైంగిక ధోరణి ఆ వరుసలో ఉన్నాయి. మతం కూడా ఉంది. ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి. ఒక వర్గం కోసం జరిగిన పోరాటం ఫలితంగా, ఇండియానాలోని ముస్లింను అతని మతం కారణంగా గెంటివేయడానికి కూడా ఈ చట్టాన్ని వాడుకునే వీలు లేకుండా పోయింది. అదే సమయంలో ప్రార్థనాలయాలనూ, లాభాపేక్ష లేని మతసంస్థలనూ, మతగురువులనూ ఆ సవరణ పరిధి నుంచి మినహాయించారు.

ఇక మన సంగతికి వద్దాం. వివాహం గురించి, లైంగిక జీవితం గురించి మన ధర్మబోధ ఏమిటో ఈ సభలో అందరికీ తెలుసు. దాన్ని మార్చమని మేము అడగడం లేదు. మార్చామని ఎవరి ముందూ నటించవలసిన అవసరం కూడా లేదు. కానీ పాపమేదో నిర్ణయించే ప్రశ్న వేరు, తోటి పౌరునికి అన్నం, కొలువు, ఇల్లు దక్కే ప్రశ్న వేరు. మద్యం తాగేవానికి మనం బియ్యం అమ్మడం మానివేయడం లేదు. విగ్రహారాధన చేసే పొరుగువానికి మందుల దుకాణం తలుపు మూయడం లేదు. మన విశ్వాసానికి సరిపడని జీవితాలు గడిపేవారితో కలిసి వ్యాపారం చేస్తూ, పక్కపక్కన బతుకుతూ వచ్చాం. ఈ ఒక్కరి విషయంలో మాత్రమే తలుపు మూయాలంటే, అది ధర్మనిష్ఠేనా లేక మనసులోని ఏవగింపా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

గడ్డం కేసులో న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఒక చిన్న వివరణ జతచేశారు. ఈ ఖైదీ కోరినది ఇవ్వడం వల్ల అతని విశ్వాసం లేని ఇతరులకు ఏ హానీ కలగదు కనుక తాను ఈ తీర్పుతో ఏకీభవిస్తున్నానన్నది దాని సారాంశం. మనకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. గడ్డం, హిజాబ్, నమాజుకు పది నిమిషాల విరామం, హలాల్ భోజనం, వీటి వల్ల ఎవరి కూడూ పోదు. అంగడి తలుపు మూస్తే మాత్రం అవతలివాడు బయట నిలబడిపోతాడు. మన ఇంటి తలుపు వేసుకునే హక్కు వేరు, బజారు తలుపు మూసే హక్కు వేరు.

మతవిశ్వాసాన్ని సాకుగా చూపి బజారు తలుపు మూయాలన్న ప్రయత్నం అమెరికాలో అంతకుముందూ జరిగింది. సౌత్ కరోలినాలో ఒక హోటళ్ళ యజమాని నల్లజాతివారిని లోపల కూర్చోబెట్టి వడ్డించడం తన మతవిశ్వాసానికి విరుద్ధమని వాదించాడు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను పసలేనిదని తోసిపుచ్చింది. ఆనాడు బయట నిలబడినవారు నల్లజాతివారు. 2015లో స్వలింగ సంపర్కులు. రేపు ఎవరు?

దీనికి సమాధానం కోసం దూరం వెళ్ళనవసరం లేదు. ఇండియానాలోనే, అదే సంవత్సరం నవంబరులో, పారిస్ దాడుల తర్వాత అదే గవర్నర్ సిరియా శరణార్థుల పునరావాసాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. ఇండియానాపోలిస్‌కు రావలసిన ఒక సిరియా కుటుంబాన్ని చివరి క్షణంలో కనెక్టికట్‌కు మళ్ళించవలసి వచ్చింది. అక్కడ వారిని స్వయంగా కలిసి స్వాగతం పలికినది ఎవరో తెలుసా? మార్చిలో ఇండియానాకు ప్రయాణాలు నిషేధించిన ఆ గవర్నరే. తర్వాత కేంద్ర న్యాయస్థానాలు ఇండియానా నిర్ణయాన్ని అడ్డుకున్నాయి. ఉత్తర అమెరికా ముస్లింల పెద్ద సంస్థ అయిన ఇస్నా కార్యాలయం ఆ రాష్ట్రంలోనే, ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఉంది. మతస్వేచ్ఛ అని మార్చిలో చెప్పిన మాట నవంబరు నాటికి ఏమైందో అక్కడి ముస్లింలు కళ్ళారా చూశారు.

అయితే ప్రజాగ్రహమే అన్నిటికీ మందు అనుకోరాదు. 2016లో జార్జియా గవర్నర్ ఇటువంటి బిల్లును తిరస్కరించారు. అదే సంవత్సరం మిసిసిపీ మాత్రం ఇంకా కఠినమైన చట్టం చేసింది. నిరసనలు వచ్చినా ఆ చట్టం 2017లో అమలులోకి వచ్చింది. పెద్ద కంపెనీలు ఒకచోట గొంతెత్తుతాయి, మరోచోట మౌనం వహిస్తాయి. వాటి దయపై ఎవరి హక్కులూ శాశ్వతంగా నిలవవు.

మన దేశానికి వద్దాం. ఒరిస్సాలో 1967లో వచ్చిన మతమార్పిడి నియంత్రణ చట్టం పేరు కూడా మతస్వేచ్ఛా చట్టమే. పేరు చూసి చట్టాన్ని నమ్మరాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? మన రాజ్యాంగం 25వ అధికరణ మతస్వేచ్ఛ ఇస్తూనే, దాన్ని ఇతర ప్రాథమిక హక్కులకు లోబడి ఉంచింది. 15వ అధికరణ దుకాణాలలో, హోటళ్ళలో మతం, కులం కారణంగా ఎవరినీ అడ్డగించరాదన్నది. అంటరానితనం అనుభవించినవారి పోరాటం వల్ల దక్కిన రక్షణ అది.

మరో ఉదాహరణ. అహ్మదాబాద్‌లో ఒక పార్సీ గృహనిర్మాణ సంఘం, తమ సభ్యత్వం పార్సీలకే పరిమితమన్న నిబంధన పెట్టుకుంది. 2005లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తగ్గిపోతున్న ఒక చిన్న సమాజం తనను కాపాడుకోవాలనుకోవడం అర్థం చేసుకోదగినదే. కానీ అదే వాదన పెద్ద సంఖ్యలో ఉన్నవారి చేతికి వస్తే, పట్టణాలలో మనకు ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదనే జవాబు మనలో ఎందరికో అనుభవమే. 2024 జూలైలో కాంవడ్ యాత్ర మార్గంలోని తినుబండారాల దుకాణాలపై యజమానుల పేర్లు రాయాలన్న ఆదేశాలు వచ్చినప్పుడు, అవి ఎవరిని వేరు చేయడానికో అందరికీ అర్థమైంది. సుప్రీంకోర్టు జూలై 22న వాటిని నిలిపివేసింది. అప్పుడు మనం కోరినది ఏమిటి? అంగడికి వచ్చినవాడు అమ్మేవాని మతం చూడరాదని, అమ్మేవాడు కొనేవాని బతుకు చూడరాదని. ఆ సూత్రాన్ని మన కోసం ఒక విధంగా, ఇతరుల కోసం మరో విధంగా చెప్పలేము.

కనుక ఈ గోష్ఠి ముందు మూడు విన్నపాలు ఉంచుతున్నాం. మతస్వేచ్ఛ పేరుతో ఏ చట్టం వచ్చినా, దాని శీర్షిక కాదు, సెక్షన్లు చదువుదాం. అది ప్రభుత్వం నుంచి భక్తుని కాపాడుతున్నదా, పౌరుని మీదికి పౌరుని పంపుతున్నదా అని చూద్దాం. రెండవది, హిజాబ్ కోసమో గడ్డం కోసమో అర్జీ పెట్టేటప్పుడు, దీనివల్ల ఎవరికీ నష్టం లేదన్న సంగతిని ముందు పెడదాం. మూడవది, మనకు నచ్చని జీవితం గడిపేవానికి కూడు, గూడు నిరాకరించినప్పుడు మౌనంగా ఉండవద్దు. అటువంటివారు మన బంధువుల ఇళ్ళలో ఉండవచ్చు, మన ఇళ్ళలోనే ఉండవచ్చు. వారితో మనకు గల ధర్మసంబంధమైన విభేదాన్ని అల్లాహ్ ముందు ఎవరికి వారు విన్నవించుకుంటారు. బజారులో మాత్రం వారు మన తోటి పౌరులు.

న్యాయం మిత్రులకే పరిమితమైతే అది పక్షపాతం అవుతుంది. అయిష్టం ఉన్నచోట కూడా న్యాయం తప్పని స్థైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.