పాత యింటి స్నానాల గది

గత వర్షకాలమున మా అమ్మగారు బందరులోని మా పాత యింటి స్నానాల గది గోడపై చేయి వేసి, అరచేతికి అంటిన సున్నపు పొడిని మాకు చూపిరి. ఆ గోడకు అవతలిది ఆమె పడుకొను గది. రెండు గదుల కప్పును మోయు టేకు దూలము కొన ఆ గోడలోనే ఉన్నది.

చెమ్మ మాకు క్రొత్త కాదు. ఎనిమిదేండ్ల క్రిందట మేమే మేస్త్రీని పిలిపించి, ఊడిన సున్నపు పూతను గీకించి, సిమెంటు పూయించి, నాలుగడుగుల ఎత్తు వరకు పింగాణీ పలకలు అతికించితిమి. గది తళతళలాడెను. చెమ్మ పోయినదని మురిసితిమి. అది పోలేదు, నాలుగడుగులు దాటి పైకి ఎక్కినది.

1936లో కట్టిన ఆ యింటి గోడలు ఇటుకా సున్నమూను. సున్నపు పూత తేమను పీల్చును, ఆరుగాలికి విడిచిపెట్టును. సిమెంటు దానిని విడువనీయదు. దారి మూసుకొన్న నీరు గోడలోనే పైకి ప్రాకి, ఎక్కడ ఆరిన అక్కడ ఉప్పు పూయును. ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బుటచే పూత పొరలుగా రాలును. గోడకు జబ్బు చేసినదనుకొంటిమి గాని, దానికి ఊపిరాడకుండ చేసినది మేమే.

ఈ మారు నీరు ఎక్కడిదో తేలువరకు గునపము వేయనీయలేదు. ఒక రాత్రి కుళాయిలన్నియు కట్టి, మోటారు ఆపి, మిద్దెమీది తొట్టిలో నీటిమట్టమునకు గుర్తు పెట్టితిమి. తెల్లవారినను మట్టము తగ్గలేదు. గొట్టములు నిర్దోషులు! మరునాటి రాత్రి తూముకు గుడ్డ బిగించి, నేలపై రెండంగుళముల నీరు నిలిపి, గోడపై పెన్సిలు గీత గీచితిమి. ఉదయమునకు అర అంగుళము దిగినది. ఒక్క రాత్రిలో అంత నీరు ఆవిరి కాదు. నేలా గోడా కలియు మూలలో వెండ్రుకవాసి బీట కనబడినది.

వానలు వెనుకబట్టిన పిదప పలకలను, సిమెంటును ఊడదీయించి, గోడను రెండు మాసములు ఆరనిచ్చితిమి. ఉప్పును పొడి కుంచెతోనే దులిపించితిమి; కడిగినచో కరిగి మరల లోనికే పోవును. వడ్రంగి దూలపు కొనను ఉలితో గుచ్చగా జానెడు మేర పుచ్చి ఉన్నది. ఇంకొక్క వానకాలము ఉపేక్షించి యున్నచో అన్న తలంపు నేటికిని మమ్ము విడువదు. దూలమునకు గుంజ ఊతమిచ్చి, పుచ్చినంత కోసి, క్రొత్త టేకు ముక్కను ఇనుప పట్టీలతో బిగించినారు.

నేలను అడుగుకు పావు అంగుళము చొప్పున తూమువైపు వాల్చి, మూలలను గుండ్రముగ తిప్పించి, మెరుగుపెట్టని బేతంచెర్ల బండలు పరపించితిమి. వృద్ధుల పాదములకు నునుపు పనికిరాదు. కుళాయిని బయటి గోడకు మార్చి, పలకలు అచ్చటనే వేయించితిమి. అమ్మగారి వైపు గోడకు మాత్రము ఇటుకపొడి కలిపిన సున్నము. పడుచు మేస్త్రీ నవ్వినాడు. గానుగ సున్నపు పని ఎరిగిన ముసలి మేస్త్రీని వెదకి తేవలసివచ్చెను. ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని వారముల తరబడి గట్టిపడును, తొందరించినచో పగులును. ఖర్చు మాట శ్రోతలు అడుగకుందురు గాక.

అంతవరకు అమ్మగారు పెరటిలో తడికల మరుగుననే స్నానము చేసిరి. గది సిద్ధమై మాసము దాటినది. నేటికిని ఆమె గోడపై అరచేయి ఉంచి చూచి గాని లోనికి అడుగు పెట్టరు.