మిద్దె యింటికి చెదల బెడద: గుర్తించుట, వదిలించుట, రాకుండ చూచుకొనుట

(ప్రసంగ పాఠము)



చేనిలో వేరుశెనగకు చెద పట్టినప్పుడు మనకు త్వరలోనే తెలియును. చెట్టు వాడును, పీకి చూచిన యెడల తొలిచిన కాయలు కనిపించును. ఆ యేటి నష్టము ఎంతో లెక్క వేసికొని, మరుసటి యేటికి జాగ్రత్త పడుదుము. కాని తల మీది దూలమును చెద తినుచున్నప్పుడు ఏండ్లు గడచినను మనకు తెలియదు. తెలియు నాటికి ఒక్కొక్కప్పుడు ఆలస్యమై పోవును. ఈ దినము మీతో చెప్పదలచినది ఈ రెండవ చెదను గూర్చియే.

కర్నూలు, కడప జిల్లాలలోను, 2022లో కర్నూలు నుండి విడివడిన నంద్యాల జిల్లాలోను మట్టి మిద్దెలు ఇప్పటికిని చాల ఊళ్ళలో ఉన్నవి. రాతి గోడలు, వాటి మీద దూలములు, దూలముల మీద దంతెలు, దంతెల మీద పుల్లలో, బండలో పరచి, పైన చౌడు మన్ను వేసి తొక్కుట మన పెద్దల పద్ధతి. ఎండకు చల్లగాను, చలికి వెచ్చగాను ఉండు ఇల్లు అది. దానిని నేను తక్కువ చేసి చెప్పుట లేదు. కాని ఆ ఇంటి బరువంతయు కట్టె మీదనే నిలిచి ఉన్నదని మరువరాదు.

ఒక్క లెక్క చూడండి. గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు అనుకొందము. పైన ఒక అడుగు మందము మన్ను ఉన్న యెడల అది 120 ఘనపుటడుగులు. పొడి మన్నే ఐదు టన్నులు దాటును. అనగా 50 కిలోల ఎరువుల బస్తాలు నూరింటిని నెత్తి మీద పేర్చుకొని క్రింద నిద్రించుచున్నామన్న మాట. ముసురు పట్టి ఆ మన్ను నానినప్పుడు బరువు ఇంకను పెరుగును. అదే సమయమున దూలము లోపల డొల్లయి ఉన్న యెడల ఏమగునో నేను చెప్పనక్కరలేదు. ప్రతి వానాకాలమున మిద్దె కూలిన వార్తలు మీరును వినుచునే ఉన్నారు.

మా తాతగారి ఇంట జరిగిన సంగతి చెప్పెదను. నేను అప్పుడు చిన్నవాడను. భాద్రపదములో మూడు దినములు విడువని వాన. సాయంకాలము దూలము గోడలో దిగిన చోట నుండి సన్నని మన్ను రాలుచుండెను. మా అవ్వ అది చూచి, అందరిని పశువుల కొట్టములోనికి పొమ్మనెను. "మూడు తరాల దూలము, దానికేమగును?" అని మా తాత వాదించెను. అవ్వ వినలేదు. తెల్లవారు జామున ఆ దూలము గోడ దగ్గర విరిగి, మిద్దె ఒక మూల కూలెను. తరువాత దానిని కోయించి చూచితిమి. పైన పొగకు నల్లబడి నిగనిగలాడు పెంకు, లోపల అంతయు చెదమన్ను. అవ్వ పట్టుదల వలన మేమందరము బ్రతికితిమి. దూలమును కంటితో మాత్రమే చూచి నమ్మరాదని నేను నేర్చుకొన్నది ఆనాడే.

చెద ఎట్టి పురుగు?

చెదను కొందరు తెల్లచీమ అందురు. అది చీమ జాతి కాదు, బొద్దింకకు దగ్గరి చుట్టము. నేలలో వేలు, లక్షల సంఖ్యలో కాపురముండును. వానిలో కూలి చెదలు, కావలి చెదలు, రాజు, రాణి అని తెగలున్నవి. కట్టెను తినునవి కూలి చెదలే. రాణి పుట్ట లోపలి గదిలో ఉండి ఏండ్ల తరబడి గ్రుడ్లు పెట్టును. పెద్ద పుట్టలో దినమునకు వేలకొలది పెట్టును. కాబట్టి ఇంటిలో కనిపించిన నాలుగు చెదలను నలిపినంత మాత్రమున వాటి సంతతి తరగదు.

మన ప్రాంతపు పుట్టల చెదలు కొరికి తెచ్చిన కట్టె, ఆకు, గడ్డితో పుట్టలో బూజు తోటలు పెంచును. తొలకరి తరువాత పుట్ట మీద లేచు పుట్టగొడుగులు ఆ తోటల నుండి వచ్చునవే.

చెద ఒళ్ళు మెత్తన. ఎండ, గాలి తగిలిన యెడల త్వరగా ఎండి చచ్చును. అందుచేతనే నేల నుండి కట్టె వరకు మంటితో సన్నని గొట్టము వంటి దారి కట్టుకొని, చీకటిలో, తేమలో నడచును. ఆ దారి దాని ప్రాణము. దానిని వెదకుట, తెంచుట, మరల కట్టకుండ చూచుట, ఈ మూడే చెదల నివారణకు మూలము.

గుర్తించుట ఎట్లు?

సంవత్సరమునకు రెండు సార్లు, ఉగాది తరువాత ఒకసారి, తొలకరి వానలు పడిన పక్షము లోపల ఒకసారి, ఇల్లంతయు పరీక్షించండి. దీపము లేక టార్చి, చిన్న సుత్తి, సన్నని దబ్బనము చాలును.

1. గోడ అడుగున, మూలలలో, ద్వారబంధముల వెనుక, గూళ్ళలో, స్నానపు గది, జలదారి పక్కన మంటి గొట్టములున్నవేమో చూడండి. కనిపించిన దానిని జానెడు మేర తెంచి, నాలుగు దినములు వదలి చూడండి. మరల కట్టిన యెడల చెద పని మీద ఉన్నదని అర్థము. కట్టకున్నను నిశ్చింతగా ఉండరాదు. వేరొక దారి ఉండవచ్చును.

2. దూలముల కొనలు గోడలో దిగిన చోటు ముఖ్యము. అక్కడనే తేమ నిలుచును, అక్కడనే చెద మొదలు పెట్టును. సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి కట్టె కణకణ మనును, తిన్న కట్టె బొదబొద మనును. అనుమానమైన చోట దబ్బనము గ్రుచ్చండి. సులభముగా దిగిన యెడల లోపల డొల్ల అని తెలిసికొనండి.

3. తొలకరి సాయంకాలములందు ఉసిళ్ళు లేచుట మీరెరిగినదే. అవి రెక్కల చెదలు. దీపము చుట్టు తిరిగి, రెక్కలు రాల్చి, జంటలుగా నేలలో దూరి క్రొత్త కాపురములు పెట్టును. వెలుపలి నుండి దీపమునకు వచ్చుట సామాన్యమే. కాని గోడ చీలిక నుండియో, గచ్చు సందు నుండియో ఉసిళ్ళు బయటికి వచ్చిన యెడల కాపురము ఇంటి క్రిందనే ఉన్నదని అర్థము. రెక్కల చీమకు నడుము సన్నగా ఉండును, ముందు రెక్కలు పొడవు, వెనుక రెక్కలు పొట్టి. ఉసిలికి నడుము సన్నగా ఉండదు, నాలుగు రెక్కలును సమానము.

4. తలుపు బిగుసుకొనుట, రంగు పొంగుట, పెట్టె అడుగున మన్ను చేరుట కూడ గుర్తులే.

సిమెంటు మిద్దె వేసికొన్న వారు తమకు ఈ బాధ లేదనుకొనరాదు. గచ్చులో మిల్లీమీటరు పాటి చీలిక చాలును, చెద దూరును. పై కప్పు కూలకపోవచ్చును గాని ద్వారబంధములు, బీరువాలు, గోతాలు, కాగితములు దానికి ఆహారమే. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలో పండితులను పెట్టి తాళపత్ర గ్రంథములను వెదకించి, ప్రతులు వ్రాయించెను. అటువంటి గ్రంథములకు చెద ఎంత శత్రువో, మీ పెట్టెలోని పట్టాదారు పాసు పుస్తకమునకు, రిజిస్టరు దస్తావేజులకు నేడును అంతే శత్రువు.

పట్టిన చెదను వదిలించుట

దూలము డొల్ల అని తేలిన యెడల మందు మాట తరువాత. మొదట ఆ గదిలో పడుకొనుట మానండి. దూలము క్రింద గట్టి గుంజ పోటు పెట్టించి, మేస్త్రీని పిలిపించి మార్పించండి. చెద తిన్న కట్టెకు మందు మరల బలమీయదు.

పాడైన మోటారు నూనె, కిరసనాయిలు, ఉప్పునీరు పోయుట చాల ఊళ్ళలో ఉన్నది. తగిలిన చెదలు చచ్చును, మిగిలినవి ప్రక్క నుండి వచ్చును. కిరసనాయిలు వలన అగ్ని భయము కూడ కలదు.

చేయవలసినది ఇది. మంటి గొట్టములన్నిటిని గీకి, ఊడ్చి, కాల్చివేయండి. తరువాత గోడ, గచ్చు కలియు చోట అడుగునకు ఒకటి చొప్పున, అనగా 30 సెంటీమీటర్ల దూరములో, అరంగుళము రంధ్రములు వేయించి, ఒక్కొక్క దానిలో సుమారు లీటరు మందునీరు పోసి, సిమెంటుతో మూయవలెను. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతము ద్రవము లీటరు నీటికి 2.1 మి.లీ. కలుపుదురు. ముప్పది అడుగుల గోడకు ముప్పది రంధ్రములు, ముప్పది లీటర్ల మందునీరు, 63 మి.లీ. మందు పట్టును. ద్వారబంధము గోడను తాకు చోట సన్నని రంధ్రములు క్రిందికి వాలుగా వేసి, అదే మందునీటిని పిచికారీ గొట్టముతో ఎక్కించవచ్చును. పాత ఇండ్లకు ఈ పని చేయు పద్ధతి భారత ప్రమాణము ఐ.ఎస్. 6313 మూడవ భాగములో ఉన్నది. పని చేయించు వారిని దాని ప్రకారము చేయుమని అడుగుడు.

క్లోరిపైరిఫాస్ 20 శాతము మందు లీటరు నీటికి 50 మి.లీ. చొప్పున చాల కాలముగా వాడుకలో ఉన్నది. అయితే 2025లో స్టాక్‌హోం ఒడంబడిక దేశములు దానిని కొన్ని మినహాయింపులతో తొలగించవలసిన మందుల జాబితాలో చేర్చినవి. కాబట్టి కొనుటకు ముందు వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనండి. ఆల్డ్రిన్, హెప్టాక్లోర్, క్లోర్డేన్, బి.హెచ్.సి. మన దేశములో ఏనాడో నిషేధింపబడినవి. అటకమీద తాతలనాటి పొడి ఉన్నదని తీసి చల్లరాదు.

మందు పని చేయు దినమున పిల్లలు, గర్భిణులు, పశువులు, కోళ్ళు ఆ ఇంట ఉండరాదు. ధాన్యము, నీటి కడవలు బయట పెట్టండి. బావికి, బోరుకు, తొట్టికి దగ్గరగా మందు పోయరాదు. చేతి తొడుగులు, ముఖమునకు గుడ్డ, కాళ్ళకు బూట్లు ఉండవలెను. ఒంటి మీద పడిన యెడల బట్టలు విప్పి సబ్బుతో కడుగవలెను. మింగిన యెడల వాంతి చేయింపక, డబ్బా చీటితో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను. నీళ్ళ సీసాలలో మందు పోసి ఉంచుట వలన ప్రాణములు పోయినవి. ఆ పని ఎన్నడును చేయకండి.

రాకుండ చూచుకొనుట

క్రొత్త ఇల్లు కట్టువారికి ఇదియే మంచి అదను. పునాది త్రవ్వునప్పుడు పాత మొద్దులు, వేళ్ళు, చెక్క ముక్కలు ఒక్కటియు లోపల వదలరాదు. సెంట్రింగు చెక్కలు కూడ తీసివేయవలెను. పునాది గోడల పక్క మట్టికి, గచ్చు క్రింది మట్టికి గచ్చు వేయుటకు ముందే మందు పట్టించవలెను. గచ్చు క్రింది నేలకు చదరపు మీటరుకు 5 లీటర్లు, పునాది గోడ పక్కలకు చదరపు మీటరుకు 7.5 లీటర్లు మందునీరు ప్రమాణము. తరువాత ఆ మట్టిని కదల్చరాదు.

మనకు కడప బండ, బేతంచెర్ల బండ చేతికి అందు దూరములో ఉన్నవి. స్తంభమును, ద్వారబంధమును నేలలో పాతక బండ మీద నిలుపండి. ఇంటి చుట్టు రెండడుగుల వెడల్పు బండలు పరచి, సందులు సిమెంటుతో పూడ్చి, వాలు ఇచ్చిన యెడల నీరు నిలువదు, చెద దారి కట్టినను కంటికి కనబడును.

కట్టె కొనునప్పుడు చేవ చూడండి. టేకు చేవకు, నారేప చేవకు చెద అంత తొందరగా పట్టదు. బెరడు వైపు తెల్లచెక్క ఏ చెట్టుదైనను చెదకు రుచియే. మామిడి, బూరుగ ఇంటి బరువుకు పనికిరావు.

కందికట్టె, పత్తికట్టె, వంటచెరకు, చొప్పవామి గోడకు ఆనించి వేయుట మనకు అలవాటు. అది చెదకు మనమే వేసిన నిచ్చెన. ఇంటికి ఎడముగా, రాళ్ళ మీద పేర్చండి. గోతాలను గోడకు మూరెడు దూరములో, బల్లల మీద ఉంచండి. దస్తావేజులు రేకు పెట్టెలో పెట్టి, పెట్టెను బండ మీద ఉంచి, అప్పుడప్పుడు తెరచి చూడండి. మిద్దె కారిన చోట వానకు ముందే చౌడు వేసి తొక్కించండి. తేమ లేనిదే చెద నిలువదు.

చివరగా ఒక మాట. చెదను చూచి కోపముతో చేలలోని పుట్టలన్నిటిని త్రవ్వనక్కరలేదు. ఎండిన ఆకును, కట్టెను మన్నుగా మార్చి నేలకు మేలు చేయు పని కూడ వాటిదే. ఇంటిని ఆనుకొన్న పుట్టను తీయించండి. ఎక్కడో గట్టున ఉన్న దానిని, నాగుల చవితికి మీరు పాలు పోయు దానిని ఉండనీయండి.

సందేహములున్న యెడల కడప వారు ఊటుకూరు, కర్నూలు వారు బనవాసి, నంద్యాల వారు యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రములలో అడుగవచ్చును. కాని ఈ సాయంకాలము చేయదగినది ఒకటి ఉన్నది. మీరు పడుకొను గదిలో దూలము గోడలో దిగిన చోట, సుత్తితో ఒకసారి తట్టి వినండి. ఇంటిలోని పెద్దవారు మన్ను రాలుచున్నదని చెప్పిన యెడల వారి మాట త్రోసివేయకండి.