మస్జిద్ మెట్లు, మన బాధ్యత



అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) ధర్మం నేర్చుకోగోరి వచ్చినప్పుడు, ఖురైష్ నాయకులతో సంభాషిస్తున్న దైవప్రవక్త (సఅసం) ముఖం చిట్లించారు. ఆ విషయమై అల్లాహ్ 'అబస' సూరాను అవతరింపజేశాడు. అనంతరం ఆ అంధ సహచరుడే మదీనా ముఅజ్జిన్‌లలో ఒకరయ్యారు.

ఇక మనల్ని మనం ప్రశ్నించుకుందాం. ప్రొద్దుటూరులోగాని, జమ్మలమడుగులోగాని, పులివెందులలోగాని చక్రాల కుర్చీపై ఉన్న సోదరుడు అజాన్ విని బయలుదేరితే, తనంతట తాను మన మస్జిద్ గడప దాటగలడా? రమ్మని పిలిచి మెట్ల వద్ద ఆపివేయడం న్యాయమా? నలుగురు ఎత్తుకొని లోపలికి చేర్చడం సేవే. కాని ఐదు పూటలా ఇతరుల చేతుల కోసం ఎదురుచూడటం అతనికెంత భారం!

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవున ర్యాంపు కావాలి. అంతకన్నా నిటారుగా కడితే ప్రమాదం. వుజూ కొళాయి వద్దకూ కుర్చీ చేరాలి.

దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని దైవప్రవక్త (సఅసం) బోధించారు. మన గుమ్మంలోని మెట్టు ఆ సోదరునికి అట్టిదే. బస్టాండులో, కార్యాలయాల్లో ఈ హక్కును అడిగే ముందు మన గుమ్మాన్ని సరిచేద్దాం. నేటి నమాజు ముగియగానే కమిటీ సోదరులు మెట్ల ఎత్తు కొలవండి.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.