ఇంటిలో పగడపు తొట్టి



నేను ముప్పది యేండ్లు బడిపంతులనై యుండి విశ్రాంతి గొన్నవాడను. పగడమనగా నవరత్నములలో నొకటియని పిల్లలచే వల్లె వేయించితినే గాని, సముద్రములో దిబ్బలు కట్టెడి పగడము ప్రాణియని నాకు చక్కగా తెలిసినది, అమెరికాలో డల్లాసు నగరముననున్న మా చిన్నవాని యింటికి పోయినప్పుడే. ఆ యూరు సముద్రమునకు బహుదూరము. అయినను ఇంటిలో సముద్రమును నిలుపవలెనని వానికి కోరిక పుట్టినది. ఆ పని యెట్లు జరిగినదో, అందు నా వలన వచ్చిన ముప్పేమో నేడు మనవి చేసెదను.

మీరు చెరువు నెరిగినవారు గావున ఆ మాటలలోనే చెప్పెదను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల గాజుతొట్టి యెత్తయిన బల్లపై నుండును. అదియే చెరువు. దాని మూల నొక చిన్న గాజుగది కలదు. ఆ గది గోడ పైయంచే అలుగు. అలుగు పొర్లిన నీరు గొట్టముగుండ బల్లక్రిందనున్న రెండవ తొట్టిలో పడును. అచ్చట మురికి వడకట్టబడి, వెచ్చదనము సరిచేయబడి, పంపుచేత మరల పైకెక్కును. ఈ తిరుగుడు రాత్రింబవళ్లు సాగవలెను. దిగు గొట్టములు రెండుండుట మేలు. ఒకదానికి నత్తయో నాచో అడ్డుపడినచో రెండవది నీటిని దించును. గొట్టములు ప్లాస్టిక్‌వే వాడవలెను. రాగియు నిత్తడియు నీటికి తగులరాదు. మనము మేలని రాగిచెంబులో నీరు త్రాగుదుము. పగడములకును రొయ్యలకును ఆ రాగి కొంచెమైనను విషము.

ఇక అడుగు సంగతి. మన యేటి యిసుక దీనికి తగదు. గవ్వలపొడివంటి సున్నపు జాతి యిసుక కావలెను. మొదట రాళ్లను తొట్టి అడుగుననే కుదురుగా నిలిపి, పిదప కడిగిన యిసుకను చుట్టును ఒకటి రెండంగుళముల మందమున పోయవలెను. ఇసుకపైన రాళ్లు పేర్చినచో, బొరియలు త్రవ్వెడి జీవులు క్రింద త్రవ్వి వానిని కూల్చును, గాజు పగులును. ఈ యిసుక అందమునకు మాత్రమే కాదు. ఇసుక రేణువులపైనను రాళ్ల రంధ్రములందును కంటికి కానరాని సూక్ష్మజీవులు కాపురముండి, చేపల విసర్జనము వలన కలిగెడి అమ్మోనియా యను విషమును నైట్రైటుగాను, దానిని నైట్రేటుగాను మార్చును. ఆ కాపురము కుదురుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు చేపలను గాని పగడములను గాని దింపరాదు.

మావాడు శుద్ధజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపుప్పు కలిపి, తొట్టి నింపి, పంపు నడిపెను. క్రింది తొట్టి సగము వెలితిగా నుండెను. “ఇదేమిరా? నిండుకుండ తొణకదు. నింపుము” అంటిని. “నాన్నగారూ, ఆ వెలితి యుండవలెనేమో” యని వాడు సంశయించెను. పంతులను గదా, పట్టుబట్టితిని. వాడు నా మాట త్రోసివేయలేక నింపెను. పదునైదు లీటర్ల చోటు మాత్రము మిగిలెను.

ఆ రాత్రి గాలివానకు కరెంటు పోయెను. పంపు నిలిచెను. కిరసనాయిలు డబ్బాలో రబ్బరు గొట్టము పెట్టి నోట పీల్చి విడిచినచో నూనె తనంత తానే దిగును గదా! నీరెక్కించెడి గొట్టము కొన పై తొట్టిలో ఆరు సెంటీమీటర్ల లోతున మునిగియుండుటచే, నీరు అట్లే వెనుకకు దిగెను. లెక్క చూడుడు. తొట్టి పొడవు 120, వెడల్పు 45 సెంటీమీటర్లు. మట్టము ఒక సెంటీమీటరు తగ్గినచో 5.4 లీటర్లు, ఆరు తగ్గినచో 32.4 లీటర్లు. చోటున్నది పదునైదింటికి. తక్కిన 17 లీటర్లకు పైబడిన ఉప్పునీరు నేలపై పారెను. మా కోడలు చీకటిలో కాలు జారి పడి, మణికట్టు బెణికినది. బల్లక్రింద కరెంటు తీగలు నీటిలో నానుచుండెను. కరెంటు మరలి వచ్చులోగా మావాడు మెయిన్ స్విచ్చి కట్టివేసెను గాని, లేనిచో ఏమగునో తలచిన నేటికిని నా గుండె దడదడలాడును.

మరునాడు క్రింది తొట్టిని మరల వెలితి చేసితిమి. ఎక్కు గొట్టమునకు, నీటిమట్టమునకు ఒక సెంటీమీటరు దిగువను, చిన్న రంధ్రము తొలిచితిమి. మట్టము అంత తగ్గగానే గాలి చొచ్చి ధార తెగును. ఆ రంధ్రము పూడకుండ అప్పుడప్పుడు శుభ్రపరుపవలెను. తీగల నెత్తున బిగించితిమి. పిదప పగటివేళ పదిమార్లు పంపు నాపి చూచితిమి. చుక్క నీరైనను నేలపై పడలేదు.

ఆవిరియగునది నీరే గాని ఉప్పు గాదని మన ఉప్పుమళ్లే సాక్ష్యము. కావున తరిగిన కొలది మంచినీరే పోయుచు, ఆరు వారములు వేచి, పిదప పెంపకదారులు తమ తొట్లలో పెంచిన పగడపు ముక్కలను దింపితిమి. మన దేశమున దిబ్బ పగడములకు వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ కలదు. వానిని సముద్రమునుండి పెరికి తెచ్చుట నేరమని మరువకుడు.

నేను కోడలిని క్షమింపుమంటిని. ఆమె నవ్వి, “మామయ్యగారూ, కుండకు అలుగుండదు గదా” అనినది. ముప్పది యేండ్లు సామెతలు బోధించితిని. ఏ సామెత యెచ్చట చెల్లదో ఆనాడు నేర్చితిని. సెలవు.