ప్లీహానికి దెబ్బ తగిలితే
ఎడమ పక్కటెముకల చాటున ప్లీహం ఉంటుంది. అది వాస్తే పల్లెల్లో 'కడుపులో బల్ల' అంటాం. చెట్టుమీంచి పడినా, ఎద్దు పొడిచినా, సైకిలు హ్యాండిల్ గుచ్చుకున్నా ప్లీహం చిట్లి, లోలోపలే రక్తం కారవచ్చు. పైకి గాయం కనిపించకపోవచ్చు. ఎడమ భుజం నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

పూర్వం చిట్లిన ప్లీహాన్ని తీసేసేవారు. ప్లీహం తీసేసిన పసివాళ్లకు ప్రాణాంతకమైన అంటురోగాలు వచ్చాయని 1952లో వెల్లడయ్యాక ఆ పద్ధతి క్రమంగా మారింది. నేడు రక్తపోటు నిలకడగా ఉంటే స్కానింగు చేసి, ఆసుపత్రిలోనే ఉంచి కనిపెట్టి చూస్తారు. పడిపోతూ ఉంటే ఆపరేషను తప్పదు.

'కొయ్యలేదు కదా' అని రోగిని ముందే ఇంటికి తీసుకుపోకండి. కొన్ని రోజుల తర్వాత కూడా రక్తం కారవచ్చు. ప్లీహం తీయించుకున్నవారు న్యుమోనియా, మెదడు పొరల వాపు టీకాలు వేయించుకోవాలి. జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.